బరువు తగ్గే సర్జరీ తర్వాత మందు ఒంటికి పట్టేదెలా? – తరచుగా అడిగే ప్రశ్నలు

ఫాలో-అప్‌కి వచ్చేవాళ్లు తిండి గురించి కాగితం మీద రాసుకుని వస్తారు. ఏం తినాలి, ఎంత తినాలి, ఎప్పుడు తాగాలి అని వరసగా అడుగుతారు. మందుల సంగతి మాత్రం తలుపు దాకా వెళ్లాక వెనక్కి తిరిగి, "అన్నట్టు, నా పాత థైరాయిడ్ మాత్ర అలాగే వేసుకోవచ్చు కదా?" అంటారు. ఫార్మసిస్టుగా ఆ తలుపు దగ్గరి ప్రశ్నలే ఏళ్లుగా వింటున్నాను. వాటినే ఇక్కడ ఒకచోట పెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమయ్యేలా రాశాను కాబట్టి మీకు కావాల్సింది నేరుగా చదువుకోవచ్చు. ఒక్క షరతు: దీన్ని చదివి ఏ మందూ మీ అంతట మీరు ఆపొద్దు, పెంచొద్దు.

## ఆపరేషన్‌కు ముందు

పొట్ట చిన్నదైతే తిండి తగ్గుతుంది, సరే. మందుకేంటి సంబంధం?

మాత్ర మింగగానే మందు రక్తంలో కలిసిపోదు. మాత్ర ముందు విడిపోవాలి, ఆ పొడి కరగాలి, కరిగింది పేగు గోడ దాటాలి, తర్వాత కాలేయాన్ని కూడా దాటాలి. నలపడం, యాసిడ్‌లో నానబెట్టడం, కొంచెం కొంచెంగా కిందికి వదలడం పొట్ట పని. రక్తంలోకి ఎక్కించే పని ఎక్కువగా చిన్నపేగు మొదటి భాగానిది.

బైపాస్ (పొట్టని చిన్న సంచిగా చేసి, దాన్ని నేరుగా పేగు కింది భాగానికి కలిపే ఆపరేషన్) తర్వాత మిగిలే పొట్ట సంచిలో దాదాపు 30 మిల్లీలీటర్లు పడతాయి, అంటే రెండు టేబుల్ స్పూన్లు. అందులో యాసిడ్ తక్కువ, నలిపే బలం తక్కువ. పైగా చిన్నపేగు మొదటి భాగం దారిలోనే ఉండదు. అందుకని కొన్ని మందులు సగంలోనే జారిపోతాయి.

ఇక్కడే చాలామంది పొరబడతారు. ప్రతి మందూ తగ్గదు. కొన్ని మందుల్ని పేగు గోడలోని ఎంజైములు దాటనివ్వకుండానే విరిచేస్తుంటాయి. ఆ భాగం తప్పిపోతే అవి రక్తంలోకి ఎక్కువగా చేరొచ్చు. పొట్టలో ఆగకుండా దిగిపోవడం వల్ల కొన్ని త్వరగా, గట్టిగా పనిచేస్తాయి. "అందరికీ డోసు పెంచాలి" అనే సలహా ఎవరిచ్చినా నమ్మొద్దు.

స్లీవ్ అయినా బైపాస్ అయినా మందులకి ఒకటేనా?

కాదు. స్లీవ్‌లో పొట్టలో 75–80 శాతం తీసేస్తారు కానీ పేగు జోలికి పోరు. కాబట్టి మందు పట్టడంలో తేడా తక్కువ. అయితే యాసిడ్ తగ్గుతుంది, పొట్ట త్వరగా ఖాళీ అవుతుంది. బైపాస్‌లో, మినీ బైపాస్‌లో పేగు మొదటి భాగం పక్కకు పోతుంది, తేడా స్పష్టంగా ఉంటుంది. డుయోడినల్ స్విచ్ (స్లీవ్‌తో పాటు పేగులో చాలా భాగాన్ని పక్కకు తప్పించే ఆపరేషన్) చేయించుకున్నవాళ్లలో తిండి, పైత్యరసం కలిసేది పేగు చివర్లోని కొద్ది పొడవులోనే. అందుకని కొవ్వులో కరిగే మందులు, విటమిన్లు అందరికన్నా వీళ్లకే ఎక్కువ తగ్గుతాయి. పొట్ట పైభాగానికి బిగించే బ్యాండ్ వేయించుకున్నవాళ్లకు మందు పట్టడం మారదు, పెద్ద మాత్ర ఇరుక్కోవడమే ఇబ్బంది.

"పొట్ట ఆపరేషన్ అయింది" అంటే డాక్టర్‌కి ఏమీ అర్థం కాదు. ఆపరేషన్ పేరు, తేదీ ఒక చీటీ మీద రాసి పర్సులో పెట్టుకోండి.

నా మందుల్లో ఏవి మార్చాలో ముందే తెలుస్తుందా?

చాలావరకు తెలుస్తుంది. ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ, అప్పుడప్పుడు వేసుకునేవి కూడా, ఒక సంచిలో వేసుకుని రండి. జాబితా రాసుకొస్తే సగం పేర్లు మర్చిపోతారు, సంచి ఏదీ మర్చిపోదు.

నేను ముందుగా వెతికేవి: నెమ్మదిగా విడుదలయ్యే రకాలు, నొప్పి మాత్రలు, డోసులో చిన్న తేడా వచ్చినా ప్రమాదమయ్యేవి. మూడో రకంలో లిథియం, ఫెనిటోయిన్, వార్ఫరిన్, డిగాక్సిన్, మార్పిడి చేసిన అవయవం కోసం వాడే టాక్రోలిమస్ లాంటివి వస్తాయి. వీటికి ఆపరేషన్‌కు ముందే ఒకసారి రక్తపరీక్ష చేయించి స్థాయి రాసి పెట్టుకోవాలి. ఎక్కువగా తప్పిపోయేది ఈ పనే. తర్వాత స్థాయి తగ్గిందని తెలిసినా, దేనితో పోల్చాలో తెలియక తల పట్టుకోవాల్సి వస్తుంది.

డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మందులు వాడుతుంటే కనీసం 3 రోజుల ముందు ఆపమంటారు. ఉపవాసంలో ఉన్నప్పుడు ఇవి కీటోయాసిడోసిస్ (రక్తంలో ఆమ్లం ప్రమాదకరంగా పెరగడం) తెచ్చిపెట్టగలవు, అదీ షుగర్ రీడింగ్ మామూలుగా కనిపిస్తుండగానే.

స్ట్రిప్ మీద మందు పేరు పక్కన ఎక్స్‌ఆర్, ఎస్‌ఆర్ అని ఉంది. దాంతో ఇబ్బందేంటి?

ఆ రెండక్షరాలే నాకు పేరుకన్నా ముఖ్యం. ఎక్స్‌ఆర్, ఎక్స్‌ఎల్, ఎస్‌ఆర్, ఈఆర్, సీఆర్ అని ఉంటే ఆ మాత్ర మందుని ఒకేసారి వదలదని అర్థం. పేగులో ప్రయాణిస్తూ 12 గంటలో, 24 గంటలో కొద్దికొద్దిగా వదిలేలా తయారు చేస్తారు. ప్రయాణం కురచైతే, మందు పూర్తిగా బయటికి రాకముందే దారి అయిపోతుంది.

అందుకే చాలావరకు అదే మందు మామూలు రకానికి మారుస్తారు. ఉదాహరణకు రోజుకొకటి వేసుకునే మెట్‌ఫార్మిన్ ఎక్స్‌ఆర్ బదులు మామూలు మెట్‌ఫార్మిన్ రోజుకు రెండు మూడు సార్లు. ఒకసారితో పోయేది మూడుసార్లు అయిందని విసుగ్గా ఉంటుంది, నిజమే. కానీ మొత్తం డోసును మూడుతో భాగించి మీరే లెక్క వేసుకోకండి. అన్ని మందులకీ ఆ లెక్క కుదరదు.

మరో మాట. ఈ రకం మాత్రల్ని ఎప్పుడూ నూరకూడదు. నూరితే రోజంతా నిదానంగా రావాల్సిన మందు ఒక్కసారిగా ఒంట్లోకి వస్తుంది.

## ఆపరేషన్ తర్వాత మొదటి నెలన్నర

మాత్రలన్నీ పొడి చేసుకోవాల్సిందేనా? ఎన్నాళ్లు?

మొదట్లో కుట్ల దగ్గర వాపు ఉంటుంది. పెద్ద మాత్ర అక్కడ ఇరుక్కుంటే నొప్పి, వాంతి. అందుకని కొన్ని వారాలు నూరి గానీ, ద్రవ రూపంలో గానీ తీసుకోమంటారు. ఎన్ని వారాలన్నది సర్జన్‌ని బట్టి మారుతుంది, మీ డిశ్చార్జ్ కాగితంలో ఉన్నదే పాటించండి. చిన్న మాత్రల్ని చాలామంది త్వరగానే అలాగే మింగగలుగుతారు.

నూరడంలో ఒక చిన్న విషయం. రెండు స్పూన్ల మధ్య నొక్కితే పొడిలో కొంత స్పూన్ వెనకే అంటుకుంటుంది. 5 మిల్లీగ్రాముల మాత్రలో ఆ అంటుకున్నది కూడా లెక్కే. కాసిన్ని నీళ్లతో స్పూన్ కడిగి అదీ తాగాలి. ఒక్కో మందు విడివిడిగా నూరండి, అన్నీ కలిపి కాదు. గుక్కెడు తాగి, కాసేపాగి మళ్లీ గుక్కెడు.

నూరకూడనివి కూడా ఉన్నాయి. నెమ్మదిగా విడుదలయ్యేవి, పేగులోనే కరగాలని పైపూత వేసినవి, క్యాన్సర్ మందులు. లోపల చిన్న గుళికలున్న క్యాప్సూల్ అయితే కొన్నింటిని విప్పి వేసుకోవచ్చు, కానీ గుళికల్ని నలపకూడదు. రక్తం పల్చబరిచే డాబిగాట్రాన్ క్యాప్సూల్‌ని మాత్రం విప్పనే కూడదు. విప్పితే మందు రక్తంలోకి మోతాదు మించి చేరుతుంది.

దానికన్నా సిరప్ వాడితే మేలు కదా?

మేలే. మాత్ర విడిపోయి కరగాల్సిన పని ఆల్రెడీ అయిపోయి ఉంటుంది. అయితే సీసా వెనక్కి తిప్పి చూడండి. చక్కెర ఎక్కువగా ఉంటే బైపాస్ అయినవాళ్లకు డంపింగ్ రావచ్చు, అంటే గుండె దడ, చెమట, కడుపులో మెలి, విరేచనాలు. "షుగర్ ఫ్రీ" అన్నదాంట్లో సార్బిటాల్ ఉంటే అదీ విరేచనాలు పట్టిస్తుంది. కొలత సీసాతో వచ్చే కప్పుతోనో సిరంజితోనో చూసుకోండి, ఇంట్లో స్పూన్‌తో వద్దు.

నాకు గ్యాస్ సమస్యే లేదు. అయినా గ్యాస్ మాత్ర రాశారేంటి?

అది గ్యాస్ కోసం కాదు. సంచిని పేగుతో కలిపిన చోట పుండు పడకుండా రాస్తారు. పేగు గోడకు యాసిడ్ అలవాటు ఉండదు. సాధారణంగా కొన్ని నెలలు వాడమంటారు, పొగ తాగేవాళ్లకు ఇంకా ఎక్కువ రోజులు కావచ్చు. పుండు పడ్డవాళ్లకు క్యాప్సూల్ విప్పి గుళికలు వేసుకోమని చెప్పడం కూడా ఉంది, మూసి ఉన్నదానికన్నా అలా త్వరగా మానుతున్నట్టు కనబడింది. అవసరం తీరాక ఏళ్ల తరబడి లాగకండి. యాసిడ్ ఇంకా తగ్గితే ఐరన్, బీ12 పట్టడం కూడా తగ్గుతుంది.

షుగర్ మందు ఒక్కసారిగా సగం చేశారు. బరువు ఇంకా తగ్గలేదు కదా?

బరువు తగ్గకముందే, రోజుల్లోనే షుగర్ దిగిపోతుంది. ముఖ్యంగా బైపాస్‌లో. పాత డోసులో ఇన్సులిన్, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ కొనసాగిస్తే షుగర్ మరీ పడిపోయి కళ్లు బైర్లు కమ్మొచ్చు. అందుకే సగం చేశారు, కొందరికి పూర్తిగా ఆపేస్తారు.

మెట్‌ఫార్మిన్ సంగతి వేరు. పేగు కురచైంది కాబట్టి అది తక్కువ పడుతుందని అందరం అనుకున్నాం. బైపాస్ అయినవాళ్లలో కొలిచి చూస్తే పట్టే శాతం దాదాపు సగం వంతు పెరిగింది. ఊహకీ కొలతకీ ఇంత తేడా ఉంటుందని చెప్పడానికి నేను ప్రతిసారీ ఇదే ఉదాహరణ చెబుతాను.

బీపీ మాత్ర వేసుకుంటే లేచి నిలబడగానే కళ్లు తిరుగుతున్నాయి.

ఒంట్లో నీరు తగ్గింది, బీపీ కూడా తగ్గింది, మాత్ర డోసు మాత్రం పాతదే. మూత్రం ఎక్కువ పోయించే రకమైతే ఇంకా తొందరగా ఇలా అవుతుంది. ఇంట్లో రీడింగ్ చూసి అదే రోజు డాక్టర్‌కి ఫోన్ చేయండి. అటెనలాల్, మెటోప్రొలాల్, క్లోనిడిన్ లాంటివి మాత్రం హఠాత్తుగా మానకూడదు, గుండె దడ, బీపీ ఒక్కసారిగా ఎగబాకుతాయి.

ఒళ్లు నొప్పులకి ఎప్పుడూ వేసుకునే మాత్ర వేసుకోవచ్చా?

బైపాస్ అయినవాళ్లకు వద్దు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, నాప్రాక్సెన్, ఎసిక్లోఫెనాక్, ఇవన్నీ అతుకు దగ్గర పుండు తెచ్చే మందులు. ఆ పుండు రక్తం కారొచ్చు, చిల్లు కూడా పడొచ్చు. "నేను పరగడుపున వేసుకోను, తిన్నాకే వేసుకుంటాను" అంటారు. ఇంజెక్షన్ చేయించుకున్నా ప్రమాదం పోదు, ఎందుకంటే మందు రక్తంలో తిరిగి పొట్ట గోడకున్న రక్షణని తగ్గిస్తుంది.

అసలు తంటా మిశ్రమ మాత్రలతో. స్ట్రిప్ ముందు పెద్దక్షరాల్లో బ్రాండ్ పేరు ఉంటుంది, పారాసిటమాల్‌తో పాటు ఎసిక్లోఫెనాక్ కూడా ఉందన్నది వెనక చిన్నక్షరాల్లో. ఉత్త పారాసిటమాల్ చాలామందికి సురక్షితమే, కాలేయం జబ్బు ఉంటే డోసు అడగాలి.

గుండెకు స్టెంట్ వేయించుకుని తక్కువ డోసు ఆస్పిరిన్ వాడుతున్నవాళ్ల సంగతి వేరు. దాన్ని మానేస్తే స్టెంట్ మూసుకుపోయే ప్రమాదం ఉంది. గుండె డాక్టర్, సర్జన్ మాట్లాడుకుని తేల్చాలి, మీరు కాదు. స్లీవ్ అయినవాళ్ల విషయంలో డాక్టర్లు కొంచెం సడలిస్తారు, అయినా అడక్కుండా వేసుకోవద్దు.

## బరువు వేగంగా తగ్గే నెలలు

థైరాయిడ్ మాత్ర డోసు పెరుగుతుందా, తగ్గుతుందా?

రెండూ జరుగుతాయి, అందుకే అంత గందరగోళం. ఒకపక్క బరువు తగ్గేకొద్దీ ఒంటికి కావాల్సిన హార్మోన్ తగ్గుతుంది, డోసు తగ్గించాల్సి వస్తుంది. ఇంకోపక్క మాత్ర కరగడానికి యాసిడ్ కావాలి, అది తగ్గింది కాబట్టి మందు తక్కువ పడుతుంది. మీలో ఏది గెలిచిందో టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్షే చెప్పాలి. డోసు మారినప్పుడల్లా 6–8 వారాలాగి పరీక్ష చేయించాలి. అంతకన్నా ముందు చేయిస్తే అంకె ఇంకా స్థిరపడి ఉండదు.

డోసు పెంచుతూ పోయినా టీఎస్‌హెచ్ దిగకపోతే నేను మొదట అడిగేది పొద్దున్న ఏం వరసలో వేసుకుంటున్నారని. సాధారణంగా ఒకటే జవాబు: "అన్నీ ఒకేసారి, మర్చిపోకుండా ఉంటుందని." థైరాయిడ్ మాత్ర, ఐరన్, కాల్షియం మూడూ ఒకే గుక్కలో. ఐరన్, కాల్షియం ఆ మందుని పేగులోనే పట్టేసుకుంటాయి. పరగడుపున థైరాయిడ్ మాత్ర ఒక్కటే నీళ్లతో వేసుకుని, అరగంట నుంచి గంట ఆగి తినాలి. ఐరన్, కాల్షియం 4 గంటల తర్వాతే. ఇంత చేసినా పని చేయకపోతే ద్రవ రూపంలోనో, మెత్తని క్యాప్సూల్‌లోనో దొరికే రకానికి మార్చే దారి ఉంది.

గర్భం రాకుండా మాత్రలు వాడుతున్నాను. సరిపోతాయా?

బైపాస్, డుయోడినల్ స్విచ్ అయినవాళ్లు వాటి మీద ఆధారపడకూడదు. వాంతులు, విరేచనాలు ఉన్న వారాల్లో ఎవరూ ఆధారపడకూడదు. గర్భసంచిలో పెట్టే లూప్, చేతిలో పెట్టే ఇంప్లాంట్ పేగుతో సంబంధం లేకుండా పనిచేస్తాయి.

దీన్ని తేలిగ్గా తీసుకోవద్దని గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. బరువు తగ్గితే ఆగిపోయిన నెలసరి మళ్లీ వస్తుంది, ఏళ్లుగా రాని గర్భం వస్తుంది. "నాకు పిల్లలు పుట్టరన్నారు" అనే ధీమా ఇక పనికిరాదు. సర్జరీ తర్వాత 12–18 నెలలు గర్భం వాయిదా వేయమంటారు.

డిప్రెషన్ మందు మానలేదు. అయినా మళ్లీ మనసు బాగోవట్లేదు, ఎందుకు?

మందు రక్తంలోకి తక్కువగా చేరుతుండొచ్చు. బైపాస్ అయినవాళ్లను కొలిచి చూసిన ఒక చిన్న అధ్యయనంలో ఎక్కువమందికి మొదటి నెలలో మందు స్థాయి పడిపోయింది, కొందరికి 6 నెలలకల్లా కోలుకుంది. నిద్ర పట్టకపోవడం, చిరాకు, తల తిమ్మిరి, కరెంటు తగిలినట్టు జలదరింపు, ఇవి మందు మానేసినప్పుడు వచ్చే లక్షణాలు. మానకుండానే వస్తే మందు సరిగా చేరట్లేదేమోనని అర్థం చేసుకోవచ్చు.

"అంత పెద్ద ఆపరేషన్ అయింది, టెన్షన్ ఉంటుందిలే" అని ఇంట్లోవాళ్లు కొట్టిపారేస్తారు. ఆ మాట విని ఊరుకోకండి. మానసిక వైద్యుణ్ణి ఆ వారమే కలవండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఆ రోజే, అత్యవసర విభాగానికైనా సరే.

లిథియం, ఫిట్స్ మందు, రక్తం పల్చబరిచే మందు వాడేవాళ్ల సంగతేంటి?

వీళ్లకు సూదితో రక్తం తీయించుకోక తప్పదు. లిథియంలో భయం రక్తంలో స్థాయి తగ్గుతుందని కాదు, పెరుగుతుందని. నీళ్లు తాగలేక ఒళ్లు ఎండితే మూత్రపిండాలు లిథియంని వెనక్కి పట్టేసుకుంటాయి. చేతులు వణకడం, మాట తడబడటం, విరేచనాలు మొదలైతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఫిట్స్ మందులకి స్థాయి చూసి డోసు సరిచేస్తారు. వార్ఫరిన్‌కి మొదటి వారాల్లో పాతకన్నా తక్కువ డోసు చాలుతుంది, తిండి పెరిగేకొద్దీ మళ్లీ పెంచాల్సి వస్తుంది. ఆ రోజుల్లో ఐఎన్ఆర్ (రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుందో చెప్పే పరీక్ష) దగ్గర దగ్గరగా చూడాలి. రివరాక్సబాన్ 15, 20 మిల్లీగ్రాముల మాత్రలు తిండితో వేసుకుంటేనే సరిగా పడతాయి, రెండు స్పూన్లు తినే రోజుల్లో అది కుదరదు. అందుకని రక్తం గడ్డ కట్టినవాళ్లకు మొదటి వారాల్లో ఇంజెక్షన్ వైపే మొగ్గు చూపుతారు.

విటమిన్లు, ఐరన్, కాల్షియం అన్నీ ఒకేసారి వేసేసుకోకూడదా?

కూడదు. కాల్షియం ఒక్కసారికి 500–600 మిల్లీగ్రాములకి మించి పట్టదు. రోజుకు కావాల్సిన 1200–1500ని రెండు మూడుసార్లుగా విడగొట్టాలి. ఐరన్‌కీ కాల్షియంకీ మధ్య కనీసం 2 గంటలు. కాల్షియం సిట్రేట్ ఎంచుకోండి. మామూలుగా దొరికే కార్బోనేట్ కరగడానికి యాసిడ్ కావాలి, సిట్రేట్‌కి అక్కర్లేదు. బీ12 కోసం రోజూ మాత్ర గానీ, నెలకొక 1000 మైక్రోగ్రాముల ఇంజెక్షన్ గానీ.

ఆగకుండా వాంతులవుతుంటే బీ1 సంగతి అడగండి. అది తగ్గితే నడక తూలుతుంది, చూపు రెండుగా కనబడుతుంది, ఆలస్యమైతే మెదడుకి శాశ్వతంగా దెబ్బ.

మలంలో మాత్ర చెక్కుచెదరకుండా కనబడింది. మందు పట్టలేదా?

తీసి చూడక్కర్లేదు గానీ, వేలితో నొక్కితే అది బోలుగా ఉండే అవకాశం ఎక్కువ. కొన్ని నెమ్మదిగా విడుదలయ్యే మాత్రల్లో మందు సన్నటి రంధ్రం గుండా బయటికి వచ్చేసి, డొల్ల అలాగే బయటికి పోతుంది. అందరికీ జరిగేదే. కానీ సర్జరీ తర్వాత, అదీ మందు పనిచేయట్లేదని అనిపిస్తుంటే, మాత్ర పేరు రాసుకుని డాక్టర్‌కి చెప్పండి.

## ఏళ్లు గడిచాక

కొన్నాళ్లకు పేగు అలవాటు పడి మళ్లీ మామూలైపోతుందా?

కొంతవరకు. మిగిలిన పేగు లోపలి పొర మందమై, పీల్చుకునే సామర్థ్యం పెరుగుతుంది. అందుకే మొదటి ఏడాది కుదిరిన డోసు మూడో ఏడాదికి ఎక్కువ కావచ్చు. బరువు మళ్లీ పెరిగితే లెక్క ఇంకోసారి మారుతుంది. విటమిన్లు మాత్రం జీవితాంతం.

యాంటీబయాటిక్ కోర్సు రాశారు. ఏమైనా చూసుకోవాలా?

సిప్రోఫ్లోక్సాసిన్, లీవోఫ్లోక్సాసిన్, డాక్సీసైక్లిన్ అయితే కాల్షియం, ఐరన్ మాత్రలు వాటికి చాలా గంటల దూరంలో ఉండాలి. మిగతావాటికి, రెండు మూడు రోజుల్లో జ్వరం దిగకపోతే ఎదురుచూడకుండా డాక్టర్‌కి ఫోన్ చేయండి.

ఎముకలు పెళుసయ్యాయని వారానికొక మాత్ర రాశారు.

అలెండ్రోనేట్ లాంటిదైతే, రాసిన డాక్టర్‌కి మీ సర్జరీ సంగతి తెలుసో లేదో అడగండి. మామూలు మనిషికే అది ఒక శాతం కూడా పట్టదు, పైగా ఆహారనాళాన్నీ అతుకునీ ఒరుసుకుని పుండు చేస్తుంది. అదే జాతి మందు ఏడాదికోసారి సెలైన్‌లా ఎక్కించేది ఉంది.

ఒక్క గ్లాసు మద్యానికే మత్తెక్కిపోతోంది. నిజమా, నా భ్రమా?

నిజమే. బైపాస్ తర్వాత మద్యం పొట్టలో ఆగకుండా నేరుగా పేగులోకి దిగుతుంది, కాబట్టి నిమిషాల్లో రక్తంలో గరిష్ఠానికి చేరుతుంది. దానికి నిద్రమాత్రో ట్రామడాల్ అనే నొప్పి మందో తోడైతే ఊపిరి మందగించే ప్రమాదం. తాగి బండి నడపడం ఎవరికైనా తప్పే. మీకైతే పాత లెక్కలు కూడా పనిచేయవు.

ప్యాచ్, ఇంజెక్షన్, నాలుక కింద పెట్టుకునే మాత్రలకి కూడా ఇదంతా ఉంటుందా?

పేగుతో పనిలేదు కాబట్టి పట్టడంలో తేడా రాదు. బరువు తగ్గాక డోసు ఎక్కువవడం మాత్రం వీటికీ ఉంటుంది. నాలుక కింద కరగాల్సిన మాత్రని పూర్తిగా కరగనివ్వండి. మింగేస్తే అదీ మామూలు మాత్రే.